హాజరు చీటీలో ఒక పేరు

ఈ జూలైలో ఆ ఆఫీసులో నా కుర్చీలో ఇంకొక అమ్మాయి కూర్చుంటుంది. ఆమెను నేను చూడలేదు. వచ్చేసేటప్పుడు అప్పగింతల కాగితంలో రాయాల్సినవన్నీ రాశాను. ఏ బీరువా తాళం ఎక్కడుందో, ఏ ప్రింటరు రెండు కాగితాలు కలిపి లాగుతుందో, ఏ క్లయింటుకి ముందు మంచినీళ్లిచ్చి తర్వాత మాట్లాడాలో. ఒక ఫైలు గురించి మాత్రం రాయలేకపోయాను. అది ఆ కాగితంలో పట్టే సంగతి కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను, ఆ అమ్మాయి కోసం, ఇలాంటి పనుల్లో కొత్తగా చేరే మీ కోసం.

అయిదేళ్ల ఉద్యోగానికి జ్ఞాపకాలేమిటని మీరు నవ్వుకోవచ్చు. ఇప్పుడు కాలేజీ లైబ్రరీలో ఉన్నాను. ఎవరితోనూ గట్టిగా మాట్లాడక్కర్లేని ఉద్యోగం. మొదటినుంచీ నాకు కావలసింది ఇదే. కానీ నేను గట్టిగా మాట్లాడాల్సివచ్చిన ఒక మధ్యాహ్నం గురించి చెప్పాలంటే ఆ ఆఫీసు దగ్గరే మొదలుపెట్టాలి.

రాయచూరు బజారులో విత్తనాల దుకాణం పైన రెండు గదులు. పన్ను రిటర్నులు వేసే ఆఫీసు. మెట్లెక్కుతుంటే పురుగుమందు వాసన, కిటికీ తెరిస్తే రైస్ మిల్లుల నల్లటి బూడిద. పొద్దున్నే బల్ల తుడిస్తే మధ్యాహ్నానికి దానిమీద మళ్లీ వేలితో పేరు రాయచ్చు. లోపలి గదిలో సారు. బయటి గదిలో ఇద్దరం. ఒకరు అరవై దాటిన పెద్ద గుమాస్తా, ఆయన్ని అందరూ కాకా అంటారు. రెండోది నేను. సిరవార దగ్గర క్యాంపు నుంచి, అంటే కాలవ కింద సాగుకి ఆంధ్ర నుంచి వలస వచ్చినవాళ్ల ఊరినుంచి, కల్లూరు మీదుగా బస్సులో వచ్చేదాన్ని. వాళ్లిద్దరిదీ పాత రాయచూరు తెలుగు. నేను 'అండీ' అన్నప్పుడల్లా సారు నవ్వేవారు.

కొంచెం పని సంగతి చెప్పక తప్పదు. ఆరోగ్య బీమాకి కట్టిన ప్రీమియం, ఏడాదికోసారి చేయించుకునే చెకప్ ఖర్చు పాత పద్ధతి రిటర్నులో చూపిస్తే పన్ను కొంత తగ్గుతుంది. తనకే కాదు, భార్యకో భర్తకో, పిల్లలకో, తల్లిదండ్రులకో చేసిన ఖర్చు కూడా చూపించుకోవచ్చు. కొత్త పద్ధతిలో ఇవేవీ ఉండవు. ఇంతే.

మా ఆఫీసులో మాత్రం దీనికి ఒక ఆచారం ఉండేది. నేను చేరకముందు ఎప్పుడో, ఒకాయన తల్లి చనిపోయినా ఆమె పేరుమీద పాత ఏడాది లెక్కే మళ్లీ వేసేశారట. నోటీసు వచ్చింది. ఆ కొడుకు సారు ఎదురుగా కూర్చుని ఏడ్చాడట, డబ్బుకి కాదు, అమ్మ బతికున్నట్టు సర్కారు కాగితంలో కనబడిందని. ఆ రోజునుంచి కాకా ఒక చీటీ పెట్టారు. బీమా కాగితంలో ఉన్న ప్రతి పేరూ పైకి చదవాలి. క్లయింటు "ఉన్నారు" అనాలి. అప్పుడే పేరు పక్కన టిక్కు. దాన్ని హాజరు చీటీ అనేవాళ్లం. రెండు కాపీలు. ఒకటి ఫైల్లో, ఒకటి క్లయింటు చేతికి.

కాకా పిలుస్తుంటే కింద విత్తనాల దుకాణం వాళ్లకి కూడా వినబడేది. ఎక్కడో ఇళ్లలో మంచాలమీద పడుకున్న ముసలివాళ్ల పేర్లు ఆ బూడిద గదిలో ఒక్కొక్కటే మోగేవి. ఎదురుగా కూర్చున్నవాళ్లు వాళ్ల తరపున "ఉన్నరు", "ఉన్నరు" అనేవాళ్లు. నా డైరీలో మొదటి నెలే రాసుకున్నాను: 'ఒక్క క్షణం ఎవరూ జవాబు చెప్పకపోతే?'

నా వంతు వచ్చేసరికి గొంతు లేచేది కాదు.

"ఏందమ్మా, నోట్లె నోట్లె గొణుగుతవ్? పేరు పిలిస్తే గోడకు ఇనబడాలె" అనేవారు కాకా.

"పిలిచానండీ."

"ఎవర్ని పిలిచినవ్, చీమనా?"

నిజం చెప్పాలంటే పిలిచేదాన్ని కాదు. కాగితం చూసి టిక్కు పెట్టేసేదాన్ని. ఎదుటి మనిషి కళ్లలోకి చూసి, మీ నాన్న ఉన్నారా అని ఎలా అడగడం? అది మర్యాద అనుకున్నాను. ఇప్పుడు దానికి సరైన పేరు తెలుసు. బద్ధకానికి సిగ్గు ముసుగు వేశాను.

నేను చేరిన ఏడే ఒక టీచర్‌గారు మా ఆఫీసుకి కొత్తగా వచ్చారు. కవితాళ పక్క క్యాంపులో ఇల్లు, దగ్గరి ఊళ్లో కన్నడ బడిలో ఉద్యోగం. ముందు కాకా బల్ల ఎదుట వరసలో కూర్చున్నారు. కాకా ఎవరివో రెండు పేర్లు పిలిచారు. ఆవిడ విన్నారు. లేచి నా బల్ల దగ్గరికి వచ్చారు.

"నువ్వు చూస్తావా అమ్మాయ్? మనవాళ్లలాగున్నావు."

నా మాటతీరు చూసి వచ్చారనుకున్నాను. పొంగిపోయాను.

నా బల్ల ఎదుట రెండు కుర్చీలు. ఒకదాంట్లో ఆవిడ కూర్చుని, ఉబ్బిన చేతిసంచిని ఒళ్లోనే పెట్టుకున్నారు. ఆఫీసు నిండా జనం. ఒక ముసలాయన రెండో కుర్చీ లాగబోతే ఆవిడ దానిమీద చెయ్యేసి, "మనిషున్నారండీ" అన్నారు. భర్త కింద బండి పెడుతున్నారేమో అనుకున్నాను. ఆవిడ వెళ్లేదాకా ఎవరూ రాలేదు. రెండో ఏడూ అంతే, మూడో ఏడూ అంతే.

మీరు నాలాగా మోసపోకుండా ముందే చెప్పేస్తున్నాను. ఆ భర్త అప్పటికే కనబడకుండా పోయిన మనిషి. కాలవ చివరి పొలానికి నీటివంతు చూసుకుందామని పొద్దున్నే వెళ్లాడు. కాలవగట్టుమీద మోపెడ్ స్టాండు వేసి ఉంది, తాళంచెవి దానికే ఉంది, చెప్పులు పక్కపక్కన ఉన్నాయి. మనిషి లేడు. నీళ్లలో వెతికారు. వేసవిలో నీళ్లు కట్టేశాక టీచర్‌గారు ఎండిన కాలవలో దిగి మూడు మైళ్లు నడిచారట. పగిలిన మట్టి తప్ప ఏమీ లేదు. పోలీసుల దగ్గర కాగితం అలాగే ఉంది. ఇవన్నీ నాకు నాలుగో జూలైలో తెలిశాయి. మొదటి మూడు జూలైలూ నాకు తెలిసిందల్లా, బీమా కాగితంలో రెండు పేర్లున్నాయి. రెండిటికీ టిక్కు పెట్టాను.

ఆవిడ ఫైల్లో ఇంకో కాగితం ఉండేది. సిరవారలో ఒక ల్యాబు దంపతులకి కలిపి చెకప్ చేస్తుంది. భార్యకొక రిపోర్టు, భర్తకొక రిపోర్టు, ఇద్దరికీ ఒక బిల్లు. మూడో ఏడు వాటిని స్కాన్ చేస్తూ చూశాను. రెండు రిపోర్టుల్లోనూ అంకెలు ఒకేలా ఉన్నాయి. ఇద్దరికీ హిమోగ్లోబిన్ తొమ్మిది పాయింట్ ఎనిమిదే. బ్లడ్ గ్రూపూ ఒకటే. ఆ రాత్రి డైరీలో ఏం రాశానో తెలుసా? 'పాతికేళ్లు ఒకే ఇంటి నీళ్లు తాగితే భార్యాభర్తల రక్తం కూడా ఒకటైపోతుందేమో.' పుస్తకాలు ఎక్కువ చదివి, మనుషులతో తక్కువ మాట్లాడితే ఇలాంటివే రాస్తాం.

సారు మాత్రం ప్రతి ఏడూ అడిగేవారు.

"మేడం, కొత్త పద్ధతిల వేసేద్దాం. ఈ కాయిదాల లొల్లే ఉండదు. మీకు పన్ను సుత తక్కువైతది."

"వద్దండీ."

"అరె, ఎందుకు మేడం? ఎక్కువ కట్టేటందుకు ఇంత షౌకున్నోళ్లను మిమ్మల్నే చూస్తున్న."

ఆవిడ నవ్వేవారు. "నాకు పాతదే అలవాటండీ." హాజరు చీటీ కాపీ అడిగి తీసుకుని, మడతపెట్టి కళ్లజోడు డబ్బాలో దాచుకునేవారు. కళ్లజోడు డబ్బాలో ఎందుకో అర్థమయ్యేది కాదు.

నాలుగో జూలై. శనివారం, ఒంటిపూట బడి ముగించుకుని రెండున్నరకి వచ్చారు. ఎండకి మెట్లమీద కుక్క కూడా లేదు. ఆఫీసులో లోపల సారు, బయట కాకా, నేనే. రెండు కుర్చీలు, ఒళ్లో సంచి, అంతా మామూలే. కానీ ఆవిడ మొహం మామూలుగా లేదు. జ్వరం తగ్గినవాళ్ల మొహంలా ఉంది.

"అమ్మాయ్, ఇవాళ పేర్లు పైకి పిలవాలి నువ్వు."

నేను బిత్తరపోయాను.

"మూడేళ్లుగా చూస్తున్నాను. ఒక్కసారీ పిలవలేదు. నువ్వు పిలవవని చూసే నీ దగ్గరికి వచ్చాను, తల్లీ. ఆ పెద్దాయన పిలిస్తే నేను జవాబు చెప్పాల్సి వచ్చేది."

అప్పుడు చెప్పారు. కాలవ, మోపెడ్, చెప్పులు, అన్నీ. పాఠం చెబుతున్నట్టు, ఎక్కడా గొంతు జారకుండా. వెనక కాకా కాగితాలు తిప్పడం ఆగిపోయింది.

"ఇంట్లో అత్తయ్య ఉంది. చూపు లేదు. ప్రతి జూలైలో అడుగుతుంది, వాడి కాగితం వచ్చిందా అని. కళ్లజోడు పెట్టుకుని నీ చీటీ చదివి వినిపిస్తాను. ఆఫీసువాళ్లు ఉన్నాడనే రాశారు అత్తయ్యా అంటాను. ఆవిడ దాన్ని చేత్తో తడిమి ఇస్తుంది."

నా టిక్కు. ఎవర్నీ అడక్కుండా, గోళ్లు కొరుక్కుంటూ పెట్టిన టిక్కు. ఒక గుడ్డి తల్లి దాన్ని మూడేళ్లు తడుముతోంది.

"మరి ల్యాబు రిపోర్టులండీ?" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

"మొదటిసారి వెళ్లినప్పుడు ల్యాబు కుర్రాడు, ఇద్దరికి కలిపి చేస్తాం మేడం, మీ సారేరీ అన్నాడు. లేరని నోరు రాలేదు. ఒక చేతిలో సూది తీశాక రెండో చెయ్యి చాపాను. వాడు నా మొహం చూసి మాట్లాడకుండా తీశాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే అయింది. ఆయన వయసు అడిగితే ఒక ఏడు కలిపి చెప్పేదాన్ని."

నేను డైరీలో రాసుకున్న వాక్యం గుర్తొచ్చి ఆ బల్ల కిందికి దూరిపోవాలనిపించింది. రెండు పేర్లతో ఉన్నది ఒకే మనిషి రక్తం.

"ఈ ఏడు మా మరిది కాగితం తెచ్చాడు. ఏడేళ్లు కావస్తోంది వదినా, కోర్టులో వేసి లేడని రాయించుకుంటే పొలం పంచుకోవచ్చు, సంతకం పెట్టు అన్నాడు. వాణ్ణి తప్పుపట్టను. ఆరేళ్లు ఆగాడు. నేనూ అనుకున్నాను, చాలు, ఈసారి పేరు తీయించేద్దామని. ల్యాబుకి వెళ్లి నా ఒక్కదానికే చాలన్నాను. ఒక్క చెయ్యే ఇచ్చాను."

సంచి తెరిచి రెండు కాగితాలు బల్లమీద పెట్టారు.

"మర్నాడు రెండు రిపోర్టులు వచ్చాయి."

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను మెల్లగా తిరిగి ఆగింది. కంప్యూటరు కింది బాటరీ కూ కూ అని మూడుసార్లు అరిచి ఊరుకుంది. కిటికీలోంచి ఎండ ఆ రెండో కుర్చీమీద పడుతోంది. దానిమీద మాత్రం బూడిద లేదు. ఆవిడ వచ్చీరాగానే చీరకొంగుతో తుడిచి ఉంటారు, అంతే. ఆ క్షణంలో నాకు అలా తోచలేదు.

"వెళ్లి అడిగాను. ల్యాబు కుర్రాడు, నేను లేనప్పుడు మీ సారు వచ్చి ఇచ్చిపోయి ఉంటారు మేడం అన్నాడు." ఆవిడ ముందుకి వంగారు. "నేను ఇవ్వలేదమ్మాయ్. నేనివ్వలేదు. మరెవరు ఇచ్చారు? ఆయన వచ్చాడు. ఇక్కడే ఎక్కడో ఉన్నాడు. ఇంటికి రావడానికి మొహం చెల్లక తిరుగుతున్నాడు. నువ్వు పేరు పిలువు. ఈసారి నేను నిజంగా ఉన్నారని చెప్తాను. ఆ చీటీ తీసుకెళ్లి మరిది మొహాన కొడతాను."

కాగితం చేతిలోకి తీసుకున్నాను. ఆయన పేరు, పురుషుడు, హిమోగ్లోబిన్ తొమ్మిది పాయింట్ ఎనిమిది.

ఆ అంకె నాకు తెలుసు. ఆ అంకెమీద నేను ఒక పిచ్చి వాక్యం రాసుకున్నాను.

కంప్యూటరు లేదు కాబట్టి లేచి అల్మరాలోంచి ఆవిడ ఫైలు తీసి, పోయినేటి నకలు వెతికాను. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. చక్కెర, తెల్లకణాలు, ఎర్రకణాలు, దశాంశం తర్వాతి అంకెతో సహా ఏదీ కదల్లేదు. ఏడాదిలో ఆవిడ రక్తం మారింది. ఈ ఏటి ఆవిడ కాగితంలో పదికి పైనే ఉంది. ఆయనది మాత్రం పోయినేటి దగ్గరే ఆగి ఉంది.

చెప్పకుండా ఊరుకోవచ్చు. అది నాకు బాగా వచ్చిన విద్య. కాగితాలు సర్ది టిక్కు పెడితే ఆవిడ సంతోషంగా బస్సెక్కుతారు. ఆ తర్వాత ఊరూరా తిరిగి లేని మనిషిని వెతుకుతారు, ఎండిన కాలవలో మళ్లీ దిగుతారు. రెండు కాగితాలూ ఆవిడ వైపు తిప్పి పెట్టాను. అంతవరకే చేయగలిగాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకున్నారు. ముప్పయ్యేళ్లు పరీక్ష పేపర్లు దిద్దిన మనిషి. రక్తం అంకెలవంక చూడనే లేదు. వేలు నేరుగా పైవరసలో, వయసు దగ్గర ఆగింది.

"యాభై మూడు" అన్నారు. రెండో కాగితం చూశారు. "ఇక్కడా యాభై మూడే."

రెండు కాగితాలూ పక్కకి జరిపి అన్నారు, "ఒక ఏడు కలిపి చెప్పడానికి ఈసారి నేను లేను కదా."

ఫోను తీసి ల్యాబుకి చేసి, బల్లమీద పెట్టి స్పీకరు నొక్కారు. క్లాసులో కాపీ కొట్టినవాణ్ణి నిలబెట్టిన గొంతుతో ఒక్క మాటే అడిగారు. "పోయినేటిదేనా?"

అటువైపు ల్యాబు కుర్రాడు కాగితాలు తిరగేసిన చప్పుడు. "మేడం, గుస్సా కాకుండ్రి. యేటేటా ఇద్దరిదీ ఉంటది కదా అని బిల్లు చేసేసిన. చూస్తే సారుది శాంపిల్ లేదు. పోయినేటిదే తారీఖు మార్చి పెట్టిన. సారు మంచిగనే ఉన్నరు కదా, ఏం ఫరక్ పడ్తది అనుకున్న."

ఆవిడ ఫోను కట్టేశారు.

అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. మేమందరం అదే పని చేశాం. బీమా వాళ్ల దగ్గర పాలసీ దానంతటదే రెన్యూ అవుతోంది. మా సాఫ్ట్‌వేరు పాత ఏడాది పేర్లు తెచ్చి కొత్త ఏడాదిలో పోస్తోంది. నేను అడక్కుండా టిక్కు పెట్టాను. ఆరేళ్లు ఆ మనిషిని అందరం కలిసి అలవాటుగా బతికించాం. ప్రేమతో చేసింది ఆవిడ ఒక్కరే, రెండో చెయ్యి చాపి.

"టీచర్‌గారూ, నేను కూడా మిమ్మల్ని అడక్కుండానే..." అన్నాను.

"తెలుసులే. ఇప్పుడు పిలువు."

"ఇవాళ వద్దులెండి."

"పిలువమ్మాయ్. నేను బళ్లో రోజూ నలభై పేర్లు పిలుస్తాను. నా ముందు ఈ ఒక్క పేరూ ఎవరో ఒకరు పిలవాలి కదా."

చీటీ తీసుకున్నాను. ముందు ఆవిడ పేరు పిలిచాను. "ఉన్నాను" అన్నారు. తర్వాత ఆయన పేరు. ఇంటిపేరుతో సహా, గోడకి వినబడేలా. నా గొంతు అంత ఉంటుందని నాకే తెలీదు. కాకా తల తిప్పి చూశారు. కింద దుకాణంలో తూకం చప్పుడు ఆగింది. పేరు గదిలో తిరిగి, తిరిగి, బూడిదలా ఎక్కడో దిగింది.

ఇంకే జవాబు కోసమూ నేను అంతగా కాచుకుని ఉండలేదు. చదువుకున్నదాన్ని, అయినా చెబుతున్నాను, నా చూపు ఆవిడమీద లేదు. రెండో కుర్చీమీద ఉంది.

"గైరు" అన్నారు ఆవిడ.

ఒళ్లోని సంచి తీసి ఆ కుర్చీలో పెట్టారు.

సారు ఎప్పుడు వచ్చారో లోపలి గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. "చెకప్ బిల్లుల మేడం వాళ్ల సారుది తీసెయ్ అమ్మా. పాలసీ సంగతి నేను మాట్లాడ్త" అన్నారు. తర్వాత ఆవిడతో మెల్లగా, "మేడం, ఇగ కొత్త పద్ధతిల వేద్దామా? ఈ చీటీ గీటీ ఉండదు" అన్నారు.

"వద్దండీ. ఆ గడి ఉండనివ్వండి. బడికి రాక గైరైన పిల్లాడి పేరు మేం రిజిస్టర్లో కొట్టెయ్యం. రోజూ పిలుస్తాం, రోజూ గైరు వేస్తాం."

చీటీలో టిక్కు స్థానంలో ఆ మాటే రాశాను. ఆవిడ దాన్ని మడిచి కళ్లజోడు డబ్బాలో పెట్టుకుని, కరెంటు రాకముందే మెట్లు దిగి వెళ్లిపోయారు.

"ఇయ్యాల ఇనబడ్డదమ్మా" అన్నారు కాకా. ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

పోయిన జూలై నా చివరి జూలై. ఆవిడ ఫైలు తెరిచాను. తీసేసిన పేరు మళ్లీ వచ్చి కూర్చుని ఉంది. ఎక్కడో పాత పేజీలోంచి సాఫ్ట్‌వేరు లాక్కొచ్చింది. పక్కన వయసు, యాభై అయిదు. పుట్టిన తేదీనుంచి అదే లెక్కేసుకుంటుందని నాకు తెలుసు. తెలిసినా చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది. ల్యాబులో ఆగిపోయిన వయసు మా దగ్గర పెరుగుతోంది.

అత్తగారి సంగతి అడిగాను. "చీటీ రెండుసార్లు చదివించుకుంది. తర్వాత అన్నం పెట్టమంది" అన్నారు ఆవిడ. మరిది కాగితంమీద సంతకం పెట్టారో లేదో అడగలేదు. ఆవిడా చెప్పలేదు. పేరు పిలిచాను. గైరు అన్నారు. రాశాను.

కొత్తగా నా కుర్చీలో కూర్చునే అమ్మాయీ, ఈ జూలైలో కూడా ఆ పేరు నీ తెరమీదికి దానంతటదే వస్తుంది. నువ్వే చెరిపెయ్యకు, నువ్వే టిక్కు పెట్టకు. ఆవిడ ఒక శనివారం మధ్యాహ్నం వస్తారు. రెండో కుర్చీలో సంచి పెడతారు. ఒకవేళ సంచి ఆవిడ ఒళ్లోనే ఉంటే, ఎంత జనమున్నా ఆ కుర్చీలో ఎవర్నీ కూర్చోబెట్టకు. పేరు మాత్రం గట్టిగా పిలువు. పిలిచి, జవాబు వచ్చేదాకా ఆగు.